పరారుణ, రామన్ వర్ణపటమితి: వారసత్వ వస్తువుల అధ్యయనం

పరారుణ వర్ణపటమితి, రామన్ వర్ణపటమితి కాంతి సాయంతో అణువుల కంపనాలను కొలిచి పదార్థాన్ని గుర్తించే రెండు పద్ధతులు. కుడ్యచిత్రాల్లోని రంగులు, వాటిని పట్టి ఉంచే జిగుర్లు, రాతప్రతుల సిరాలు, కంచు విగ్రహాల మీది చిలుము, అద్దకపు బట్టలు, రత్నాలు, తొలినాటి ప్లాస్టిక్కులు దేనితో తయారయ్యాయో, కాలక్రమంలో ఏ మార్పులకు లోనయ్యాయో తెలుసుకోవడానికి మ్యూజియం ప్రయోగశాలలు వీటిని విరివిగా వాడతాయి. కంటికి సరిగా ఆనని నలుసు చాలు. కొన్ని సందర్భాల్లో నమూనా తీయకుండానే పని జరుగుతుంది. పరికరం నడపడం త్వరగానే పట్టుబడుతుంది. వచ్చిన వర్ణపటం ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో, ఏ ప్రశ్నకు చెప్పలేదో తేల్చుకోవడమే ఈ విద్యలో అసలు సాధన.

రెండు పద్ధతుల్లోనూ ఫలితాన్ని తరంగ సంఖ్యలో చెబుతారు. ఒక సెంటీమీటరు నిడివిలో ఎన్ని తరంగాలు ఇముడుతాయో తెలిపే ఈ లెక్కకు ప్రమాణం సెం.మీ⁻¹. ఈ వ్యాసంలో శిఖరాల స్థానాలుగా ఇచ్చిన అంకెలన్నీ ఆ ప్రమాణంలోనివే.

చరిత్ర

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు అంచు దాటాక ఏ రంగూ కనిపించని చోట ఉష్ణమాపకం ఉంచితే అక్కడా వేడి నమోదైంది. కంటికి కనబడని ఆ కిరణాలే పరారుణ కిరణాలు. ఏ పదార్థం ఏ పరారుణ కిరణాలను పీల్చుకుంటుందో వందకు పైగా సమ్మేళనాల మీద కొలిచి, విలియం కోబ్లెంజ్ 1905లో అమెరికాలో ప్రచురించాడు. అణువులోని ఒక్కో పరమాణు సమూహానికి ఒక్కో శోషణ స్థానం ఉంటుందన్న అవగాహనకు ఆ పని పునాది వేసింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కృత్రిమ రబ్బరు, పెట్రోలియం పరిశ్రమల అవసరం కొద్దీ పరికరాలు వ్యాపార స్థాయిలో తయారయ్యాయి. చిత్రాలకు పూసే వార్నిష్‌లలోని దమ్మర్, మస్తకీ రెసిన్లను పరారుణ వర్ణపటాలతో వేరుపరచవచ్చని రాబర్ట్ ఫెల్లర్ 1954లో చూపించాడు. మ్యూజియం విజ్ఞానంలో ఈ పద్ధతి పెట్టిన తొలి అడుగుల్లో అది ఒకటి.

రెండో పద్ధతి భారతదేశంలో పుట్టింది. తిరుచిరాపల్లిలో 1888లో పుట్టిన సి.వి. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. ఆయన తండ్రి అక్కడి కళాశాలలో అధ్యాపకుడు. 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిమను చూశాక రామన్ దృష్టి కాంతి పరిక్షేపణం మీదికి మళ్లింది. కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి చేసిన ప్రయోగాల ఫలితంగా, పదార్థం గుండా చెదిరిన కాంతిలో కొద్ది భాగం రంగు మారి వస్తుందని 1928 ఫిబ్రవరి 28న ఆయన నిర్ధారించాడు. అదే ఏడాది మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ స్ఫటికాల్లో ఇదే ఫలితాన్ని విడిగా గమనించారు. రామన్‌కు 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫిబ్రవరి 28ని దేశం జాతీయ సైన్స్ దినంగా జరుపుకుంటోంది.

ఈ కొత్త కాంతిని స్ఫటిక నిర్మాణంతో ముడిపెట్టిన వారిలో రామన్ శిష్యుడు, నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం ముఖ్యుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన, టి. వెంకటరాయుడు కలిసి సౌష్ఠవాన్ని లెక్కించే గణితాన్ని కంపనాలకు వర్తింపజేశారు. ఒక స్ఫటికంలో ఏ కంపనం రామన్‌లో కనిపిస్తుంది, ఏది పరారుణంలో కనిపిస్తుంది అనేది ప్రయోగానికి ముందే చెప్పగల పద్ధతి అది. వారి గ్రంథం 1948లో వెలువడింది. నేటి విద్యార్థి తొలి పాఠాల్లో చదివే ఎంపిక నియమాల వెనుక ఈ గణితమే ఉంది.

ఇలా రంగు మారి వచ్చే రామన్ కాంతి చాలా బలహీనం. పాదరస దీపాలతో పని చేసిన రోజుల్లో నమూనా ఎక్కువ కావాలి, ఛాయాచిత్ర ఫలకం మీద గంటల తరబడి కాంతి పడాలి. చిత్రం నుంచి గీరిన నలుసుకు ఆ పద్ధతి పనికొచ్చేది కాదు. 1960లో లేజర్ వచ్చాక పరిస్థితి మారింది. 1970ల మధ్యలో ఫ్రాన్స్‌లోని లీల్‌లో దెలే, దామెలాంకూర్ లేజర్‌ను సూక్ష్మదర్శినికి జోడించడంతో రంగు పొడిలోని ఒక్కో రేణువును విడిగా కొలవడం సాధ్యమైంది. 1980ల నుంచి రాతప్రతులు, చిత్రాల పరిశోధన ఊపందుకుంది. పరారుణ రంగంలోనూ ఇంటర్‌ఫెరోమీటరు, కంప్యూటరు కలిసిన ఎఫ్.టి.ఐ.ఆర్. (ఫూరియర్ పరివర్తన పరారుణ) పరికరాలు 1960ల చివర మార్కెట్లోకి వచ్చి, 1980లలో సూక్ష్మదర్శినితో జతపడ్డాయి.

మూలసూత్రం

అణువులోని పరమాణువులు స్థిరంగా ఉండవు. బంధాలు సాగుతూ, ముడుచుకుంటూ, వంగుతూ ఉంటాయి. బిగువైన సన్నని వీణతీగ హెచ్చు స్వరం, లావుపాటి వదులు తీగ తగ్గు స్వరం పలికినట్టు, గట్టి బంధం, తేలిక పరమాణువులు ఉంటే కంపనం తరంగ సంఖ్య పెరుగుతుంది. బరువైన పరమాణువులుంటే తగ్గుతుంది. ఉదజని పాల్గొనే బంధాలు 2,800 నుంచి 3,700 మధ్య, పాదరసం వంటి బరువైన లోహాల బంధాలు 400కు దిగువన కనిపించడానికి కారణం ఇదే.

పరారుణ పద్ధతిలో కిరణపుంజాన్ని నమూనా గుండా పంపి ఏ భాగం శోషణమైందో చూస్తారు. కంపన సమయంలో అణువు ద్విధ్రువ భ్రామకం, అంటే ధన, రుణ ఆవేశాల మధ్య ఎడాన్ని తెలిపే రాశి, మారితేనే శోషణం జరుగుతుంది. రామన్ పద్ధతిలో ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ కాంతిని నమూనా మీద వేసి చెదిరిన కాంతిని విశ్లేషిస్తారు. దానిలో చాలా భాగం వచ్చిన రంగులోనే తిరిగి వెళ్తుంది. సుమారు కోటి ఫోటాన్లలో ఒకటి మాత్రం అణువుకు కొంత శక్తిని ఇచ్చి, లేదా దాని నుంచి తీసుకొని, రంగు మార్చుకుంటుంది. ఇది జరగాలంటే కంపనంతో అణువు ధ్రువణశీలత, అంటే దాని ఎలక్ట్రాన్ మేఘం సాగే గుణం, మారాలి.

ఈ రెండు షరతులు వేరు కాబట్టే రెండు పద్ధతులూ ఒకదానికొకటి పూరకాలు. సున్నంలోని కార్బొనేట్‌ను తీసుకుంటే, మూడు ఆక్సిజన్లు ఒకేసారి వెలుపలికి, లోపలికి కదిలే కంపనం రామన్‌లో 1086 దగ్గర పదునైన శిఖరంగా వస్తుంది. కాల్సైట్ పరారుణ వర్ణపటంలో అది కనిపించదు. దాని బదులు 1420 ప్రాంతంలో వెడల్పాటి శోషణ కనిపిస్తుంది. ఇంగిలీకం, అంటే పాదరస గంధకం, శిఖరాలు 252, 343 దగ్గర ఉంటాయి. సాధారణ పరారుణ పరికరం 4000 నుంచి 400 వరకే చూస్తుంది కాబట్టి దానికి ఇంగిలీకం ఉన్నట్టే తెలియదు. నూనె, గుడ్డు, సరేసు వంటి సేంద్రియ పదార్థాల విషయంలో పరిస్థితి తారుమారు: అవి లేజర్ కింద మెరిసి రామన్‌ను ముంచేస్తాయి, పరారుణంలో స్పష్టంగా కనిపిస్తాయి.

పరారుణ కొలతల తీరు

పాత పద్ధతిలో ఒక మిల్లీగ్రాము నమూనాను వంద, నూట యాభై మిల్లీగ్రాముల పొటాషియం బ్రోమైడ్‌తో నూరి బిళ్లగా నొక్కుతారు. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, బిళ్ల సరిగా ఆరకపోతే 3400, 1640 ప్రాంతాల్లో నీటి శోషణ వచ్చి నమూనాదేనని భ్రమ కలిగిస్తుంది. మ్యూజియం నమూనా అంత దొరకదు. అందుకే రెండు వజ్రపు ఫలకాల మధ్య చిన్న నలుసును నలిపి, పలచని పొరగా చేసి, సూక్ష్మదర్శిని కింద కాంతిని దాని గుండా పంపుతారు.

ఏ.టి.ఆర్. (క్షీణించిన సంపూర్ణ పరావర్తన) పద్ధతిలో నమూనాను వజ్రం లేదా జెర్మేనియం స్ఫటికానికి ఆనించి నొక్కుతారు. స్ఫటికం లోపల సంపూర్ణాంతర పరావర్తనం చెందే కిరణం నమూనాలోకి ఒకటి రెండు మైక్రోమీటర్ల లోతు మాత్రమే చొరబడుతుంది. తయారీ శ్రమ దాదాపు ఉండదు. అయితే ఇందులో శిఖరాలు కొద్దిగా తక్కువ తరంగ సంఖ్యల వైపు జరుగుతాయి, ఎక్కువ తరంగ సంఖ్యల వైపున్న శిఖరాలు చిన్నబోతాయి. ఈ వర్ణపటాన్ని పాత పద్ధతిలో తీసిన సూచిక వర్ణపటంతో యథాతథంగా పోల్చరాదు. పైగా స్ఫటికం నొక్కిన చోట పెళుసైన పొర పగలవచ్చు.

వస్తువును తాకకుండా దాని ఉపరితలం నుంచి తిరిగి వచ్చే కిరణాలను కొలిచేది పరావర్తన పద్ధతి. పెద్ద చిత్రాలకు, గోడలకు ఇదే అనువు. ఇక్కడ శిఖరాల ఆకారం వికృతమవుతుంది: కొన్ని సగం పైకి, సగం కిందికి తిరుగుతాయి, కార్బొనేట్, సల్ఫేట్, సిలికేట్ల బలమైన పట్టీలు తలకిందులవుతాయి. ఈ వికృతులను చదవడం నేర్చుకోనివాడికి పరావర్తన వర్ణపటం అర్థం కాదు.

రామన్ కొలతల తీరు

రామన్ పరికరంలో మొదటి నిర్ణయం లేజర్ ఎంపిక. 532, 633, 785, 1064 నానోమీటర్ల లేజర్లు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ రామన్ కాంతి బాగా బలపడుతుంది; కానీ ప్రతిదీప్తి, అంటే పదార్థం సొంతంగా వెలువరించే కాంతి, కూడా పెరుగుతుంది. పాత వార్నిష్, నూనె, దుమ్ము పట్టిన ఉపరితలాల మీద ఆకుపచ్చ లేజర్ వేస్తే శిఖరాలు ఆ వెలుగులో మునిగిపోతాయి. పరారుణం వైపున్న 785, 1064 లేజర్లు ఆ బాధను తగ్గిస్తాయి.

రెండో నిర్ణయం శక్తి. ఒక మైక్రోమీటరు చుక్కలోకి కేంద్రీకరించినప్పుడు కొద్ది మిల్లీవాట్లు కూడా చాలా వేడి పుట్టిస్తాయి. పసుపు మట్టి రంగులోని గోథైట్ వేడికి నీరు కోల్పోయి ఎర్రని హెమటైట్‌గా మారుతుంది. అంటే పరీక్షే పసుపును జేగురుగా మార్చి, ఆ జేగురునే ఫలితంగా చూపిస్తుంది. సిందూరం, అంటే ఎర్రని సీసపు ఆక్సైడ్, సీసపు మోనాక్సైడ్‌గా మారగలదు. మణిశిల (రియాల్గర్) అనే ఎర్రని ఆర్సెనిక్ గంధకం ఆకుపచ్చ కాంతికే పసుపుపచ్చని పారారియాల్గర్‌గా రూపాంతరం చెందుతుంది. కాబట్టి వడపోతలతో శక్తిని కనిష్ఠానికి దించి మొదలుపెట్టడం, ప్రతి కొలతకు ముందూ తర్వాతా ఆ చుక్కను ఫొటో తీయడం తప్పనిసరి అలవాట్లు.

ప్రతి రోజూ సిలికాన్ ముక్క మీద 520.5 శిఖరాన్ని చూసి పరికరాన్ని సరిచూస్తారు. విశ్వకిరణాలు డిటెక్టర్‌ను తాకినప్పుడు సూదిలాంటి దొంగ శిఖరాలు వస్తాయి; అదే చోట రెండోసారి కొలిస్తే అవి మాయమవుతాయి.

సహజ అద్దకపు రంగులు అతి తక్కువ మోతాదులో ఉండి ప్రతిదీప్తితో మెరుస్తాయి. వాటి కోసం సెర్స్ (ఉపరితలం బలపరచే రామన్ పరిక్షేపణం) అనే మార్గం ఉంది. నానో పరిమాణంలోని వెండి కణాల మీదికి రంగు అణువులు చేరితే రామన్ కాంతి లక్షల రెట్లు బలపడుతుంది, ప్రతిదీప్తి అణిగిపోతుంది. 1970లలో బయటపడిన ఈ ఫలితాన్ని వివరించడంలో రిచర్డ్ వాన్ డైన్ పాత్ర పెద్దది. పై పొరను గీరకుండా కింది పొరల రామన్ కాంతిని పట్టే స్థానభ్రంశ రామన్ పద్ధతులు 2005 తర్వాత అభివృద్ధి చెందాయి.

ఏ పదార్థానికి ఏ గుర్తు

విద్యార్థి మొదట గుర్తు పెట్టుకోవలసినవి కొన్ని వందల శిఖరాలు కావు; కొన్ని ముఖ్య సమూహాలు చాలు. పరారుణంలో 1740 దగ్గర ఎండిన నూనెల ఎస్టరు బంధం, 1650, 1550 దగ్గర సరేసు, గుడ్డు, పాల వంటి ప్రోటీన్ల జంట శిఖరాలు, 2920, 2850, 720 దగ్గర మైనం, 1000 నుంచి 1100 వరకు జిగుర్లు, గంజి, సెల్యులోజు వంటి పిండిపదార్థాలు కనిపిస్తాయి. లక్కలో 1735, 1715 దగ్గర ఎస్టరు, ఆమ్లం పక్కపక్కన వస్తాయి. తెల్లబంకమట్టికి 3694, 3620 దగ్గర పదునైన శిఖరాలుంటాయి. ప్రషియన్ నీలం 2090 దగ్గర, మరేదీ దాదాపు ఉండని ఖాళీ స్థలంలో కనిపిస్తుంది.

రామన్‌లో ఎరుపులను వేరుచేయడం సులువు: ఇంగిలీకం 252, 343, జేగురు 225, 292, 411, సిందూరం 122, 390, 549. తెలుపుల్లో సీసపు తెలుపు 1050, సున్నం 1086, జిప్సం 1008. హరిదళం (పసుపు ఆర్సెనిక్ గంధకం) 293, 309, 354 దగ్గర, నీలిమందు 1573 దగ్గర కనిపిస్తాయి. దీపపు మసి 1325, 1580 దగ్గర రెండు వెడల్పాటి గుట్టలు ఇస్తుంది. వాటితోపాటు 960 దగ్గర ఫాస్ఫేట్ శిఖరం ఉంటే అది ఎముకల బొగ్గు.

నీలి రాయి నుంచి తీసే లాజవర్దం ముఖ్య శిఖరం 548 దగ్గర, సిందూరం ముఖ్య శిఖరం 549 దగ్గర వస్తాయి. ఒకటి నీలం, ఒకటి నారింజ ఎరుపు. సూక్ష్మదర్శినిలో రేణువు రంగు చూడకుండా, తోడు శిఖరాలు సరిచూడకుండా, ఒక్క అంకెతో పేరు పెట్టడం ఎంత ప్రమాదమో ఈ జంట చెబుతుంది. లాజవర్దానిదే మరో చిక్కు. 1828లో కృత్రిమ లాజవర్దం తయారైంది. దాని రామన్ వర్ణపటం సహజ రాయిదానితో కలిసిపోతుంది. సహజ రాయిలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు పరారుణంలో 2340 దగ్గర చిన్న శిఖరంగా కనబడవచ్చు. అయితే గదిలోని గాలిలో ఉన్న అదే వాయువు 2350 ప్రాంతంలోనే శోషిస్తుంది కాబట్టి, పరికరంలోని గాలిని నైట్రోజన్‌తో శుభ్రం చేయకపోతే ఆ తేడా తేలదు.

ప్రసిద్ధ పరిశోధనలు

విన్‌లాండ్ పటం. ఉత్తర అమెరికా తీరాన్ని చూపే 15వ శతాబ్దపు పటంగా యేల్ విశ్వవిద్యాలయం 1965లో దీన్ని వెల్లడించింది. 1974లో వాల్టర్ మెక్రోన్ సిరాలో అనటేజ్ అనే టైటానియం డయాక్సైడ్ రూపం ఉందన్నాడు. రంగు పదార్థంగా అది 20వ శతాబ్దపు ఉత్పత్తి. 2002లో కేథరిన్ బ్రౌన్, రాబిన్ క్లార్క్ రామన్ సూక్ష్మదర్శినితో చూస్తే నల్ల గీత కార్బన్‌దని, దాని పక్కనున్న పసుపు గీతలో అనటేజ్ ఉందని తేలింది. ఇనుప సిరా కాలక్రమంలో పసుపు మరక వదులుతుంది. కార్బన్ సిరాకు ఆ గుణం లేదు. కార్బన్ గీత పక్కన పసుపు గీత ఉండటం పాతదనాన్ని నటించడమేనని వారు వాదించారు. తోలు మాత్రం నిజంగా 15వ శతాబ్దానిదేనని రేడియోకార్బన్ పరీక్ష చెప్పింది. పటం నిండా గీతల్లో టైటానియం ఉందని ఎక్స్-రే పరీక్షల్లో చూపి, 2021లో యేల్ దాన్ని నకిలీగా ప్రకటించింది. పాత తోలు మీద కొత్త సిరా అన్న నిర్ణయానికి అన్ని పరీక్షలూ కలిసి తీసుకువచ్చాయి.

బాల్టిక్ అంబరు. గ్రీసులోని మైసీనియన్ సమాధుల్లో దొరికిన అంబరు పూసలు ఎక్కడివో 1960లలో వాసర్ కళాశాలకు చెందిన కర్ట్ బెక్ బృందం పరారుణ పద్ధతితో పరిశీలించింది. బాల్టిక్ తీరపు అంబరుకు 1250, 1180 మధ్య దాదాపు చదునైన భుజం, ఆ వెంటనే 1160 దగ్గర పదునైన శిఖరం ఉంటాయి. ఈ గుర్తుతో కంచుయుగపు వర్తక మార్గాల మీద వెలుగు పడింది. వర్ణపటం పుట్టుచోటును కూడా చెప్పగలిగిన అరుదైన సందర్భం ఇది.

ఈజిప్టు తోలు, రెన్వార్ ఎరుపు. క్రీ.పూ. 2000 ప్రాంతపు ఈజిప్టు అమ్ములపొది తోలు ముక్కలో మంజిష్ఠ రంగును న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి చెందిన మార్కో లియోనా 2009లో సెర్స్‌తో గుర్తించాడు. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోని రెన్వార్ 1883 నాటి 'మదాం లియోన్ క్లాపిసోన్' చిత్రంలో, చట్రం మరుగున వెలుతురు తగలని అంచున మిగిలిన ఎరుపును వాన్ డైన్ బృందం పరిశీలించి, అది కార్మైన్ అని తేల్చింది. చిత్రం తొలి రంగుల్లో ఎలా ఉండేదో కంప్యూటరుతో చూపించడానికి ఆ ఫలితం తోడ్పడింది.

రెంబ్రాంట్ చిత్రంలో సబ్బు. ది హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్‌లో ఉన్న 'డాక్టర్ నికొలాస్ టుల్ప్ అనాటమీ పాఠం' ఉపరితలం మీద చిన్న చిన్న పొక్కులు కనిపించాయి. నూనెలోని కొవ్వు ఆమ్లాలు సీసపు రంగులతో చర్య జరిపి సీసపు సబ్బుగా మారి పైకి పొడుచుకువచ్చాయని పరిశోధన తేల్చింది. లోహపు సబ్బులు పరారుణంలో 1500, 1600 మధ్య కనిపిస్తాయి. పేరు పెట్టడంతో ఆగకుండా, చిత్రం లోపల ఇంకా జరుగుతున్న రసాయన చర్యను చూపగల శక్తి ఈ పద్ధతికి ఉందనడానికి ఇది ఉదాహరణ.

తెలుగు నేల పదార్థాలు

గోల్కొండ రాజ్యపు గనుల వజ్రాలు పరారుణ వర్ణపటమితికి ఆసక్తికరమైన విషయం. వజ్రాలను శోషణను బట్టి రెండు రకాలుగా 1934లో రాబర్ట్‌సన్, ఫాక్స్, మార్టిన్ విభజించారు. 1000, 1400 మధ్య నైట్రోజన్ వల్ల వచ్చే శోషణ మొదటి రకంలో ఉంటుంది, రెండో రకంలో ఉండదు. నైట్రోజన్ దాదాపు లేని, నీటిలా స్వచ్ఛమైన రెండో రకం 'ఏ' తరగతి వజ్రాలను రత్న వ్యాపారులు నేటికీ గోల్కొండ పేరుతో పిలుస్తారు. కోహినూర్ ఆ తరగతిదే. కొల్లూరు గనిదిగా భావించే 45.52 కేరట్ల హోప్ వజ్రం బోరాన్ ఉన్న రెండో రకం 'బి' తరగతిది. దాని నీలం బోరాన్ ఫలితమే. అయితే ఇదే తరగతి వజ్రాలు దక్షిణాఫ్రికాలోనూ దొరికాయి. తరగతిని వర్ణపటం చెబుతుంది, గనిని చెప్పదు. వజ్రాన్ని నకిలీ రాళ్ల నుంచి వేరుచేయడానికి రామన్‌లో 1332 దగ్గరి ఒక్క పదునైన శిఖరం చాలు. ఆ శిఖరాన్ని తొలినాళ్లలో అధ్యయనం చేసిన వారిలో భగవంతం ఒకడు.

కోరమాండల్ తీరపు కలంకారీలో ఎరుపు చిరివేరు నుంచి, నీలం నీలిమందు నుంచి వచ్చేవి. చిరివేరులోని ముఖ్య రంగు అలిజరిన్. పటిక అద్దిన చోట అది నూలును పట్టుకొని ఎర్రబడుతుంది. బట్ట పోగును ఆమ్లపు ఆవిరికి గురిచేసి రంగును పటిక నుంచి విడిపించి సెర్స్ చేస్తే అలిజరిన్ తెలుస్తుంది. కానీ మంజిష్ఠలోనూ అలిజరిన్ ఉంది. 1868లో గ్రేబె, లీబెర్మన్ దాన్ని కృత్రిమంగానూ తయారు చేశారు. 1897లో మార్కెట్లోకి వచ్చిన కృత్రిమ నీలిమందు విషయమూ అంతే. చిరివేరా, మంజిష్ఠా, కారఖానా సరుకా అన్నది తేల్చాలంటే వెంట ఉండే ఇతర రంగు అణువులను విడదీసి చూసే క్రొమటోగ్రఫీ అవసరం.

చేర్యాల నకాషీ పటాలకు ఖాదీ బట్ట మీద గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు నీళ్లు కలిపి పూత పూస్తారు. పరారుణంలో సుద్దమట్టి విడిగా కనబడవచ్చు కానీ గంజి, చింతగింజ, జిగురు మూడూ 1000, 1100 మధ్య ఒకే గుట్టగా కలిసిపోతాయి. 'పిండిపదార్థ బంధకం' అనే వరకే నివేదిక వెళ్లగలదు.

నేర్చుకునే క్రమం

ఈ విద్యను సాధారణంగా నాలుగు మెట్లలో నేర్పుతారు. మొదటిది ప్రశ్నను స్పష్టం చేసుకోవడం. చిత్రం ఏ కాలానిది, మునుపటి మరమ్మతులో ఏ పూత వేశారు, కంచు మీది పచ్చదనం ఇంకా వ్యాపిస్తుందా అన్న ప్రశ్నలకు వేర్వేరు పద్ధతులు, వేర్వేరు చోట్ల కొలతలు కావాలి. కంచుకు సంబంధించి రామన్ చాలా ఉపయోగపడుతుంది: నిలకడైన మాలకైట్‌ను, లోహాన్ని తినే క్లోరైడ్ చర్య వల్ల వచ్చే అటకమైట్ వంటి వాటిని అది వేరుచేస్తుంది. రెండోది తెలిసిన పదార్థాలతో అభ్యాసం. స్వచ్ఛమైన రంగు, స్వచ్ఛమైన జిగురు విడివిడిగా కొలిచి, తర్వాత కలిపి పలకల మీద పూసి, కొన్నిటిని వెలుతురులో, తేమలో పాతబరచి మళ్లీ కొలుస్తారు. మిశ్రమంలో ఏ శిఖరం ఏదాన్ని కప్పేస్తుందో చేత్తో చేసిన నమూనాల మీదే బాగా తెలుస్తుంది.

మూడోది నమూనా విద్య. ముందు కంటితో, సూక్ష్మదర్శినితో, అతినీలలోహిత కాంతిలో చూడటం, తర్వాత తాకని పద్ధతులు, తప్పనప్పుడే నమూనా. తీస్తే ఇప్పటికే రాలిన చోట, పగులు అంచున, మిల్లీమీటరు కన్నా చిన్నది తీసి, చోటును ఫొటోలో గుర్తించి, సంరక్షకుడి అనుమతితో నమోదు చేయాలి. పొరల క్రమం చూడాలంటే ఆ నలుసును రెసిన్‌లో పోతపోసి అడ్డంగా అరగదీస్తారు. అప్పుడు రెసిన్ సొంత శిఖరాలు కూడా వర్ణపటంలో చేరతాయని మరవకూడదు.

నాలుగోది చదవడం. కంప్యూటరు సూచిక సంచయంతో పోల్చి పోలిక శాతం ఇస్తుంది. సంచయంలో లేని పదార్థాన్ని అది ఎప్పటికీ చెప్పదు, ఉన్నవాటిలో దగ్గరిదాన్నే చెబుతుంది. మిశ్రమాన్ని ఒకే పదార్థంగా పొరబడటం, పాతబడిన రెసిన్‌ను కొత్త రెసిన్‌తో పోల్చడం, ఆధారరేఖను ఎక్కువగా సవరించి లేని శిఖరాలు పుట్టించడం కొత్తవారు తరచూ చేసే తప్పులు. ప్రతి ముఖ్య శిఖరానికీ కారణం చెప్పగలగాలి. ఉండవలసిన శిఖరం లేకపోతే దానికీ కారణం చెప్పాలి. నివేదికలో గుర్తించినది, ఉండవచ్చని తోచేది, ఈ పద్ధతికి అందనిది వేర్వేరుగా రాయాలి.

పరిమితులు

పరారుణ, రామన్ పద్ధతులు సాధారణంగా ఐదు శాతం కన్నా తక్కువున్న భాగాన్ని మిశ్రమంలో పట్టలేవు. రంగు రేణువు విడిగా దొరికితే రామన్ మినహాయింపు. బంగారం, రాగి వంటి శుద్ధ లోహాలు వీటికి అందవు. పరారుణం ప్రోటీన్ ఉందని చెబుతుంది కానీ అది సరేసా, గుడ్డా అన్నది నమ్మకంగా చెప్పలేదు. దానికి ప్రోటీన్ ద్రవ్యరాశి వర్ణపటమితి కావాలి. మూలకాలకు ఎక్స్-రే ఫ్లోరెసెన్స్, స్ఫటికాలకు ఎక్స్-రే వివర్తనం తోడుగా వాడతారు. ఎక్స్-రే పాదరసం, గంధకం ఉన్నాయని చెబితే, రామన్ అవి కలిసి ఇంగిలీకంగా ఉన్నాయని చెబుతుంది.

సంస్థలు, వనరులు

1993లో మొదలైన పరారుణ, రామన్ వాడుకదారుల సంఘం ఇరగ్ కళావస్తువుల సూచిక వర్ణపటాలను సభ్య సంస్థల నుంచి సేకరించి పంచుతుంది. అరిజోనా విశ్వవిద్యాలయపు రఫ్ సంచయంలో ఖనిజాల వర్ణపటాలు ఉచితంగా దొరుకుతాయి. గెట్టీ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ 1999లో ప్రచురించిన డెరిక్, స్టూలిక్, లాండ్రీల పాఠ్యగ్రంథం పరారుణ పద్ధతికి నేటికీ ప్రవేశగ్రంథం. ఐరోపాలో మోలాబ్ అనే సంచార ప్రయోగశాల కదలించలేని వస్తువుల దగ్గరికే పరికరాలను తీసుకెళ్తుంది. భారతదేశంలో లక్నోలో 1976లో ఏర్పడిన జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధన ప్రయోగశాల ఈ రంగంలో ముఖ్య సంస్థ.

విదేశీ సంచయాల్లో ఐరోపా చిత్రాల పదార్థాలే ఎక్కువ. చింతగింజల పిండి, వేప జిగురు, తుమ్మ జిగురు, ఏటికొప్పాక బొమ్మల లక్క, చిరివేరు అద్దకం వంటి వాటికి పేరు, ఊరు, తయారీ విధానం నమోదు చేసిన సొంత సూచిక వర్ణపటాలు లేనిదే దక్కన్, ఆంధ్ర వస్తువుల మీద వచ్చే ఫలితాలు 'ప్రోటీన్', 'పిండిపదార్థం' అనే పొడి మాటల దగ్గరే ఆగుతాయి. కళాకారుల దగ్గరి నుంచి పదార్థాలు సేకరించి, వారు చేసే తీరులోనే నమూనా పలకలు చేయించి, తాజాగా ఒకసారి, పాతబరచి మరోసారి కొలిచి సంచయంలో చేర్చడం విద్యార్థికి మంచి అభ్యాసం. అదే పని తర్వాతి పరిశోధకుడికి సూచిక అవుతుంది.